గుట్ట ‘హిల్స్’ కాకముందు

(మన చదువుల చరిత్ర - 12వ భాగం)



పోయిన నెల క్లాసు అయిపోయినాక మూడో సంవత్సరం పిల్ల ఒకామె అడిగింది: “మేడమ్, మీరు రోజూ వికారాబాద్ నుంచి వస్తరంట గదా? మస్తు లక్కీ మేడమ్. మాకు వీకెండ్ వస్తె తప్ప ఆ క్లైమేట్ దొరకదు.” నవ్వి ఊరుకున్నాను. సాయంత్రం బేగంపేట స్టేషన్‌లో బండి కోసం నిలబడితే ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. వికారాబాద్ అంటే గాలి, అనంతగిరి అంటే పొగమంచు. పట్నం పిల్లలకు తెలిసింది అంతే. తప్పు వాళ్ళది కాదు, ఎవరూ ఇంకోటి చెప్పలేదు.

నేను వికారాబాద్‌లో ఉండేది గాలి కోసం కాదు. ఉద్యోగం వచ్చిన కొత్తలో అమీర్‌పేట, ఎల్లారెడ్డిగూడ, పంజాగుట్ట సందుల్లో నెలన్నర ఇల్లు వెతికాను. అన్నీ టులెట్ బోర్డు వేలాడుతున్న ఇళ్ళే. వెజ్జా నాన్‌వెజ్జా అన్న దగ్గర మొదలయ్యేది, ఇంటిపేరు దగ్గర ఆగేది. ఒక పెద్దాయన ఇంకా తెలివిగా, మా ఊరేదో అడిగి, ఊళ్ళో మా ఇల్లు ఏ దిక్కున ఉంటుందని అడిగాడు. ఊళ్ళో దిక్కు అడగడం అంటే ఏం అడగడమో ఈ వరుస చదివేవాళ్ళకు నేను చెప్పక్కరలేదు. ఏడో ఇంటి తర్వాత వెతకడం మానేశాను. వికారాబాద్‌లో మా పెద్దమ్మ వాళ్ళుండే చర్చి పక్క సందులో రెండు గదులు తీసుకున్నాను. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేదు, సందు మొత్తం మనవాళ్ళే.

ఆ సందు ఎట్లా పుట్టింది? ఈ భాగం దాని గురించే.

కథ బేగంపేటలోనే మొదలవుతుంది. 2008 నుంచి 2023 దాకా అమెరికా కాన్సులేట్ ఉన్న తెల్ల భవనం మీకందరికీ తెలుసు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకున్న పిల్లలు ఫైలు చంకలో పెట్టుకుని వీసా కోసం నిలబడ్డ చోటు. అది పాయిగా ప్యాలెస్. కట్టించింది వికార్ ఉల్ ఉమ్రా. ఫలక్‌నుమా కట్టించిందీ ఆయనే. బేగంపేటలోని స్పానిష్ మసీదు ఆయన తలపెట్టిందే, ఆయన పోయాక 1906లో పూర్తయింది. 1893 నుంచి 1901 దాకా హైదరాబాద్ రాజ్యానికి దివాను. వికారాబాద్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. అంటే నేను పొద్దున ఎక్కే స్టేషనూ సాయంత్రం ఎక్కే స్టేషనూ ఒకప్పుడు ఒకే నవాబు గారి నీడలో ఉన్న ఊళ్ళు.

పాయిగాలు అంటే నిజాం సొంత సైన్యాన్ని పోషించే బాధ్యత ఉన్న వంశం. ఆ బాధ్యతకు బదులుగా ఊళ్ళకు ఊళ్ళు జాగీరుగా వచ్చాయి. ఆ ఊళ్ళలో శిస్తు వాళ్ళది, కచ్చేరీ వాళ్ళది, పోలీసు వాళ్ళది. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యేదాకా ఇదే నడిచింది. ప్యాలెస్ గోడల పనితనం మీద, స్పానిష్ మసీదు గోపురాల మీద వ్యాసాలు బోలెడు దొరుకుతాయి. ఆ గోడలకు డబ్బు పంపిన ఊళ్ళలో వెట్టి ఎట్లా నడిచిందన్నది వెతికితే మాత్రం చేతికొచ్చేది తక్కువ. మోటకు తోలు బొక్కెన కుట్టియ్యాలి, దొరకు చెప్పులు కుట్టియ్యాలి, చచ్చిన గొడ్డును ఈడ్చాలి, కబురు మోయాలి. కూలి లేదు. పెద్దోళ్ళు గుట్టలోకి షికారుకొస్తే ముందు డప్పు కొట్టుకుంటూ పొదల్లోంచి జంతువుల్ని తోలింది మనవాళ్ళేనని మా అవ్వ చెప్పేది. “పులి ఎదురొస్తె తుపాకి ఎన్కుంటది, డప్పు ముందుంటది” అనేది. మా ఇంట్లో అనంతగిరి గురించి మిగిలిన అతి పాత మాట అదే.

1874లో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా రైలు పడింది. డబ్బు నిజాంది, అవసరం సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉన్న బ్రిటిష్ సైన్యానిది. మనకోసం వేసిన రైలు కాదు. కానీ పట్టాల పనికి కూలి డబ్బుల రూపంలో వచ్చేది. వెట్టిలో పుట్టిన మనిషికి నెల తిరిగేసరికి చేతిలో నాణేలు పడడం ఎంత పెద్ద మార్పో ఊహించండి. టికెట్ కొన్నాక బండిలో పక్కన కూర్చున్నవాడు మొహం తిప్పుకోగలడు గానీ దింపెయ్యలేడు. తర్వాత బీదర్ వైపు లైను కూడా పడి వికారాబాద్ జంక్షన్ అయింది. నవాబు పేరు పెట్టుకున్న ఊరు అట్లా రైలు ఊరైంది.

ఆ రైలు మీదే మిషనరీలు వచ్చారు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికన్ మెథడిస్టులు వికారాబాద్‌ను తమ కేంద్రాల్లో ఒకటిగా చేసుకున్నారు. వాళ్ళ దగ్గరికి గుంపులుగా వచ్చింది ఎక్కువగా మాదిగలు. ఒక్కొక్కరుగా కాదు, వాడలకు వాడలు. దేవుడి కోసం వచ్చారా, అన్నం కోసం వచ్చారా అని ఇప్పటికీ కొందరు మేధావులు ప్రశ్నిస్తుంటారు. వాళ్ళ తాతలు గుడిలోకి దేవుడి కోసం పోయారా, మాన్యం కోసం పోయారా అని మనం ఎప్పుడూ అడగలేదు. సరే, దాన్ని వదిలేద్దాం.

మిషన్ కట్టినవాటిలో నాకు ముఖ్యమైంది మేరీ ఎ. నాట్స్ బాలికల పాఠశాల. ఆ పేరు పలకడం రాక ఊళ్ళో అందరూ ‘బోర్డింగ్’ అనేవాళ్ళు. మా అవ్వ 1940లలో అక్కడ నాలుగో తరగతి దాకా చదివింది. ధారూర్ వైపు పల్లె నుంచి వాళ్ళ నాయిన ఒక చేత్తో ఆమెను, ఇంకో చేత్తో జొన్నల మూటను పట్టుకుని నడిపించుకొచ్చాడట. మొదటి రాత్రి మంచం చూసి భయపడి కింద పడుకుందట. నాలుగేళ్ళకే పెళ్ళి పేరుతో తీసుకుపోయారు. కానీ ఆ నాలుగేళ్ళతో ఆమెకు డెబ్బై ఏళ్ళు గడిచాయి. కీర్తనల పుస్తకం చదివేది, ఉత్తరాలు చదివిపెట్టేది. పట్వారీ కాగితం మీద ఏముందో చూసి చెప్పేది. చూసి చెప్పగలిగే ఆడమనిషి వాడలో ఉందంటే పట్వారీ నోరు కొంచెం అదుపులో ఉండేది.

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. తెలంగాణలో తెలుగు ఎట్లా నిలబడిందని పరీక్షలో అడిగితే మనమందరం ఒకే జవాబు రాస్తాం. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1921లో ఆంధ్ర జనసంఘం, 1926లో గోలకొండ పత్రిక, 1934లో సురవరం ప్రతాపరెడ్డి తెచ్చిన గోలకొండ కవుల సంచిక, అందులో 354 మంది కవులు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజ్యభాషగా, చదువుల భాషగా ఉన్న రోజుల్లో అవి పెద్ద పనులే, తక్కువ చేయను. కానీ అదే కాలంలో వికారాబాద్‌లో మాదిగ ఆడపిల్లలు పలక మీద అ ఆలు దిద్దుతున్నారు. వాళ్ళ చేతిలో ఉన్నది తెలుగు బైబిలు, తెలుగు కీర్తనలు. మా సాహిత్య చరిత్ర సిలబస్‌లో ఆ పలకలకు చోటు లేదు. గ్రంథాలయంలో కూర్చుని పత్రిక చదివిన తెలుగు ఉద్యమం అయింది, బోర్డింగ్‌లో చాప మీద కూర్చుని నేర్చుకున్న తెలుగు మతమార్పిడి అయింది. నా థీసిస్‌లో కూడా దీని మీద ఒక్క పేజీ లేదు. మా ఇంట్లోనే రుజువు కూర్చుని ఉండగా నేను దాన్ని సాహిత్యంగా చూడలేదు. ఆ తప్పు నాదే.

మిషన్‌ను నెత్తిన పెట్టుకోవాలని చెప్పడం లేదు. ఆడపిల్లలకు వాళ్ళు ఊహించిన భవిష్యత్తు కొలత చిన్నది. టీచరు, నర్సు, ఆయా, బైబిలు స్త్రీ. పేర్లు మార్చారు, డప్పును దయ్యాల పనిముట్టు అన్నారు. మాల మాదిగ తేడా చర్చి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు విడిచిపెట్టినట్టు చెప్పుకున్నారు గానీ పెళ్ళి సంబంధాల దగ్గర అది మళ్ళీ వచ్చి కూర్చుంది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డివర్మ 1906 నుంచి నడిపిన పని తీరు వేరు. తెల్లవాడి దయ అవసరం లేకుండా మన సంఘం, మన బడి, మన పేరు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఆ రెండు దారుల్నీ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని కొట్టెయ్యొద్దు. ఎందుకంటే రెంటి నుంచీ మనుషులు చదువుకుని బయటికొచ్చారు. బోర్డింగ్, చర్చి, మిషన్ ఆస్పత్రి చుట్టూ ఉద్యోగాలు పుట్టాయి, ఆ ఉద్యోగాల చుట్టూ ఇళ్ళు పుట్టాయి. పల్లెలో వాడ ఊరికి దూరంగా, చివరన ఉంటుంది. ఇక్కడ మన ఇల్లు స్టేషన్‌కు, బడికి, ఆస్పత్రికి నడిచే దూరంలో ఉంది. నేనుండే సందు అట్లా పుట్టింది.

ధారూర్ జాతర సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు. 1923లో మొదలైంది. ఏటా నవంబర్‌లో తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కుటుంబాలు వచ్చి గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉంటాయి. మెథడిస్టు సభకు ‘జాతర’ అని పేరు పెట్టడం ఎంత తెలివైన పనో చూడండి. ఊరి జాతరలో మనకు పని ఉంది, పాలు లేదు. డప్పు మనది, పోతును నరికేది మనం, పీఠం దగ్గరికి మాత్రం రావొద్దు. ఆ మాటను తీసుకుని మనమే మధ్యలో కూర్చునే జాతర చేసుకున్నారు. రాత్రి పూట మంట దగ్గర పాట మొదలైతే తాళం కీర్తనది, గొంతు మాత్రం చిందు భాగోతానిది. చిన్నప్పుడు నాకు అది పండగ, ఇప్పుడు నాకు అది పాఠ్యం.

అంత మంది వస్తారు కదా, వాళ్ళెవరని సర్కారు లెక్కను అడగండి. సగం మంది కనపడరు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కాకపోతే ఎస్సీ కాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచారు. క్రైస్తవ దళితులకు, ముస్లిం దళితులకు తెరవలేదు. బాప్తిస్మం తీసుకున్న మాదిగ మన రాష్ట్రంలో బీసీ-సీ, వాటా ఒక్క శాతం. అందుకే మా సందులో చాలామందికి రెండు పేర్లు. ఇంట్లో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి. ఊళ్ళో దొర మతం చూసి అంటరానితనాన్ని తగ్గించలేదు, అమీర్‌పేటలో ఇల్లు అడిగితే ఆ పెద్దాయనా తగ్గించలేదు. కాగితం మాత్రం తగ్గిస్తుంది. 2022 అక్టోబర్‌లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. ఎప్పుడు ఏం తేలినా, రెండు పేర్లతో బతికిన మూడు తరాల భయాన్ని ఆ నివేదిక తిరిగి ఇవ్వలేదు.

ఇప్పుడు గాలి సంగతి. అనంతగిరి గాలికి పేరు రావడంలో క్షయ ఆస్పత్రి పాత్ర ఉంది. నిజాం పాలన చివరి కాలంలో అడవి మధ్య శానిటోరియం కట్టారు. క్షయకు మందు లేని రోజులవి. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఇదే వైద్యం. ప్రపంచమంతా అంతే. స్విట్జర్లాండ్ కొండల్లో, మన దగ్గర మదనపల్లెలో, ఇక్కడ అనంతగిరిలో. 1940లలో స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. ఆ తర్వాత మద్రాసులో ఒక పరిశోధన జరిగింది, ప్రతి విద్యార్థీ తెలుసుకోవాల్సినది. క్షయ ఉన్న పేదలను రెండు భాగాలు చేసి, కొందరిని శానిటోరియంలో ఉంచి, కొందరిని వాళ్ళ ఇరుకు ఇళ్ళలోనే ఉంచి ఒకే మందులు ఇచ్చారు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇంట్లో ఉన్నవాళ్ళు కూడా దాదాపు అంత బాగానే కోలుకున్నారు. ఇంట్లోవాళ్ళకు జబ్బు అంటుకోవడమూ దానివల్ల పెరగలేదు. నయం చేసింది కొండగాలి కాదు, మందు. పేదవాడి గుడిసెలోకి మందు చేరితే పేదవాడూ బతుకుతాడు. ప్రపంచమంతటా శానిటోరియంలు మూతపడడానికి ఆ పరిశోధన ఒక కారణం.

అనంతగిరి శానిటోరియం మీద రాసేవాళ్ళు చెట్లను, పెంకుటింటి వార్డులను వర్ణిస్తారు. నాకు వేరే ప్రశ్న వస్తుంది. రోగులు కఫం ఉమ్మిన డబ్బాలను రోజూ ఎవరు ఎత్తిపోశారు? దుప్పట్లు ఎవరు ఉతికారు? మా సందులో ఇద్దరు ముసలమ్మలు ఆ పనిలోనే పింఛనుకు వచ్చారు. ఒకామె అన్నది: “రోగం ఉన్నోళ్ళను ముట్టొద్దని అందరు దూరం జరిగిండ్రు బిడ్డా. మమ్ములను ఎట్లనూ ముట్టరు గదా, మాకు కొత్తేముంది?” ఆ మాట నేను రికార్డు చేసుకున్నాను. అది చెప్పి ఆమె నవ్వింది, నేను నవ్వలేకపోయాను.

ఇక గుట్ట గురించి. పంజాగుట్ట పేరులో గుట్ట ఉంది. ఫ్లైఓవర్ మీద పోయేవాళ్ళకు అది కనపడదు. 2019 ఏప్రిల్‌లో అంబేడ్కర్ జయంతికి ముందురోజు ఆయన విగ్రహాన్ని తీసి చెత్త డంపింగ్ యార్డుకు పంపింది ఆ పంజాగుట్ట చౌరస్తా నుంచే, అది మాత్రం మనకు గుర్తుంది. పంజాగుట్ట దాటితే బంజారాహిల్స్. వందేళ్ళ కింద అది పట్నం బయటి రాళ్ళగుట్ట, లంబాడీలుండే చోటు. మెహదీ నవాజ్ జంగ్ మొదట అక్కడ ఇల్లు కట్టుకున్నాడు. 1933లో వచ్చిన టాగూర్‌కు ఆ కొండలు బాగా నచ్చాయి. మంచి గాలి, మంచి చూపు. ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తూనే ఉన్నాం. పేరులో బంజారాలు మిగిలారు, భూమి మీద మిగల్లేదు. మనుషులున్నప్పుడు అది గుట్ట. మనుషులు పోయి గేటు పడ్డాక హిల్స్.

వికారాబాద్‌లో మా అవ్వ నోటి నుంచి ‘అనంతగిరి గుట్ట’ అనే మాటే విన్నాను. ఇప్పుడు రోడ్డు పొడుగునా రిసార్టు బోర్డులన్నీ ‘అనంతగిరి హిల్స్’ అంటాయి. శనివారం మధ్యాహ్నం నుంచి కార్ల వరస మొదలవుతుంది. ఆదివారం సాయంత్రానికి మూసీ పుట్టే చోట ప్లాస్టిక్ గ్లాసులు మిగులుతాయి. సోమవారం పొద్దున వాటిని ఏరేది ఎవరో నేను మళ్ళీ చెప్పను. గుట్ట నుంచి పట్నానికి పోయినవి లెక్కపెట్టండి: గండిపేట చెరువు ద్వారా తాగునీళ్ళు, తాండూరు నుంచి ఇళ్ళల్లో పరిచిన బండలు, కందులు, సీతాఫలాలు, మేస్త్రీలు, ఆయాలు, నాలాంటి లెక్చరర్లు. సీతాఫలం కాలంలో పొద్దున బండి ఎక్కి చూడండి. లంబాడీ ఆడవాళ్ళు గంపలతో డబ్బా తలుపు దగ్గరే కూర్చుంటారు. శంకర్‌పల్లి దాటాక ఎక్కే ఆఫీసువాళ్ళు గంపలను కాలితో జరుపుతారు. అదే ఆఫీసువాళ్ళు సాయంత్రం అమీర్‌పేటలో ఆ కాయలనే మూడింతల ధర పెట్టి కొంటారు.

2024 అక్టోబర్ 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నేవీ వీఎల్ఎఫ్ కమ్యూనికేషన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. పోయేది దాదాపు 2,900 ఎకరాల అడవి. దేశ రక్షణ అన్నారు, ప్రశ్నించినవాళ్ళను వింతగా చూశారు. నెల తిరక్కముందే, నవంబర్ 11న, ఇదే జిల్లాలోని లగచర్లలో ఫార్మా కోసం భూములు అడగడానికి వచ్చిన అధికారుల మీద జనం తిరగబడ్డారు. పోలీసులు రాత్రి పూట ఇళ్ళల్లోకి వచ్చి అరెస్టులు చేశారు. లంబాడీ ఆడవాళ్ళు ఢిల్లీ దాకా పోయి చెప్పుకున్నారు. నవంబర్ చివర్లో ఆ నోటిఫికేషన్‌ను వెనక్కి తీసుకున్నారు గానీ భూమి మీద కన్ను వెనక్కి పోలేదు. వికారాబాద్ ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గం. ఇక్కడి నుంచి గెలిచిన గడ్డం ప్రసాద్ కుమార్ 2023 డిసెంబర్‌లో శాసనసభ స్పీకర్ అయ్యారు. ఒక దళితుడు ఆ కుర్చీలో కూర్చోవడం చూసి మా సందులో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. స్పీకర్ కుర్చీ నుంచి గుట్ట ఎట్లా కనపడుతుందో చూడాలి.

మా సందులో కూడా ఇప్పుడు బ్రోకర్లు తిరుగుతున్నారు. స్టేషన్ దగ్గర, చర్చి పక్కన, గుట్టకు పోయే దారి. రేటు బాగా చెబుతున్నారట. రెండు ఇళ్ళు అమ్ముడుపోయాయి. అమ్మినవాళ్ళను తప్పుపట్టలేను, కొడుకు చదువు, కూతురి పెళ్ళి, అప్పు, కారణాలు అందరికీ తెలిసినవే. అమ్ముడుపోయిన రెండో ఇంట్లో ఒక ఇనుప పెట్టె ఉండేది. అందులో 1940ల బోర్డింగ్ గ్రూపు ఫోటో, రెండు వరసల ఆడపిల్లలు, తెల్ల జాకెట్లు, నూనె పెట్టి అదిమిన జడలు. ఎడమ నుంచి నాలుగో పిల్ల మా అవ్వ అని పెద్దమ్మ చెప్పేది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెట్టెను పాత ఇనుపసామాను బండికి వేశారు. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి బండి వెళ్ళిపోయింది. మూడు దుకాణాలు తిరిగాను, దొరకలేదు.

కాబట్టి ఒక పని అడుగుతున్నాను. వికారాబాద్, ధారూర్, తాండూరు, మర్పల్లి, శంకర్‌పల్లి, జహీరాబాద్ వైపు మిత్రులు ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు పెట్టెలు తెరిచి చూడండి. బోర్డింగ్ ఫోటోలు, బాప్తిస్మం కాగితాలు, జీతం చీటీలు, శానిటోరియంలో పనిచేసినవాళ్ళ గుర్తింపు కార్డులు, పేర్లు రాసిపెట్టిన కీర్తనల పుస్తకాల మొదటి పేజీలు, ఏది దొరికినా ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. రెండు పేర్ల సమస్య ఉన్న ఇళ్ళవాళ్ళు ఎక్కడా పోస్టు చేయొద్దు, నాకు కూడా పంపొద్దు, మీ దగ్గరే భద్రంగా దాచండి. ముసలివాళ్ళుంటే పక్కన కూర్చుని అడగండి: మొదటిసారి రైలు ఎప్పుడెక్కినవ్ అవ్వా, ఎవరు ఎక్కించిండ్రు, ఎక్కడ దిగినవ్?

వచ్చే భాగం బోర్డింగ్‌లో పాడిన కీర్తనల మీద.